నలుపు ఖరీదు

టీవీల షోరూములో గోడ నిండా రంగులే. రామచిలకలు, సముద్రం అడుగున పగడాలు, కోసిన నారింజ మీద నీటి బొట్లు. ఏ తెర మీదైనా ముచ్చటగా కనిపించాలనే ఆ వీడియోలు తయారుచేస్తారు కాబట్టి నలభై వేల టీవీలోనూ చిలక పచ్చగానే ఉంటుంది. పక్కనున్న రెండు లక్షల టీవీలో ఎక్కువేముందో ఆ వెలుగుల మధ్య నిలబడి కనిపెట్టడం కష్టం. అదే టీవీని ఇంటికి తెచ్చి, దీపాలార్పి, ఏదో ఒక సినిమాలో రాత్రి సన్నివేశం పెడితే వెంటనే తెలుస్తుంది. ఆ ఎక్కువ డబ్బుతో కొన్నది నలుపు.

పెద్ద తెర మీద పెద్ద మొత్తం పెట్టాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా లెక్కలు సులువుగా తేలతాయి. ప్యానెళ్లలో అసలు తేడా నలుపును ఎలా పుట్టిస్తాయన్న దగ్గరే ఉంది. ధర పెరిగేకొద్దీ ప్రధానంగా మెరుగయ్యేదీ అదే. ఆ వెంటనే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: అంత ఖరీదు పెట్టి తెచ్చిన నలుపు నిలబడేంత చీకటి మన హాల్లో ఉందా?

నలుపుకి ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకు 1957 నాటి ‘మాయాబజార్‌’ చూపిస్తాను. అందులో శశిరేఖాభిమన్యుల పడవ ప్రయాణం తెలియని తెలుగువాళ్లు అరుదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ఆ వెన్నెలను రంగుల సాయం లేకుండా, తెలుపుకీ నలుపుకీ నడుమ ఉన్న ఛాయలతోనే సాధించారు. నీటి మీది తళుకు వెన్నెలలా అనిపించాలంటే దాని చుట్టూ ఉన్న చీకటి చీకటిలాగే ఉండాలి. అది బూడిద రంగుకు తిరిగిందా, వెన్నెల పోయి పొగమంచు మిగులుతుంది. 2010లో ఈ సినిమా రంగుల్లోనూ వచ్చింది గానీ, టీవీని పరీక్షించడానికి మాత్రం నలుపు తెలుపుల ప్రతే పెట్టాలి. ప్యానెల్ తెలుపులో నీలి జీరో గులాబీ జీరో ఉంటే అందులో దాగదు.

ఆపే తెర, ఆరే తెర

మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలుచుకునేది నిజానికి ఎల్‌సీడీ టీవీయే. వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతూ ఉంటాయి. ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుగును ఎక్కడ ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది. పూర్తిగా ఆపడం మాత్రం దానికి చేతకాదు. తలుపు వేసినా సందుల్లోంచి వెలుతురు గదిలో పడినట్టు, మూసుకున్న పిక్సెల్‌లోంచి కూడా కొంత కాంతి బయటికొస్తూనే ఉంటుంది. ఎంత వస్తుందన్నది ప్యానెల్ రకాన్ని బట్టి ఉంటుంది. ఐపీఎస్ ప్యానెల్‌లో తెలుపు నలుపుల నిష్పత్తి సుమారు వెయ్యికి ఒకటి. వీఏ ప్యానెల్‌లో మూడు వేల నుంచి ఆరు వేల దాకా. తెర 500 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) కాంతితో తెలుపు చూపిస్తున్నప్పుడు ఐపీఎస్ చూపించే నలుపు అర నిట్. చీకటి గదిలో అది స్పష్టంగా కనిపించే బూడిద రంగు. వీఏలో అది ఒక నిట్‌లో పదో వంతు దగ్గర ఆగుతుంది.

వీఏకు ఉన్న లోపం వేరు. దాని నలుపు ఎదురుగా కూర్చున్నవాళ్లకే. పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. సోఫాలో ఇద్దరు, దివాన్ మీద ఒకరు, కింద చాప మీద పిల్లలు, వంటగది గుమ్మంలో నిలబడి ఇంకొకరు. ఇలా తలో మూల నుంచి చూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. లోపల ఉన్నది ఐపీఎస్సా, వీఏనా అన్నది చాలా కంపెనీలు పెట్టె మీద రాయవు. ఒకే మోడల్లో 55 అంగుళాలకు ఒక రకం, 65కు ఇంకో రకం వాడటమూ ఉంది. అందుకని షోరూములో తెర ముందు నుంచి పక్కకు నాలుగడుగులు వేసి చూడండి. రంగు పాలిపోతే వీఏ అనుకోవచ్చు.

ఇక క్యూఎల్‌ఈడీ. పేరు ఓఎల్‌ఈడీకి చుట్టంలా వినిపించినా ఇదీ ఎల్‌సీడీయే. నీలి ఎల్‌ఈడీ దీపాలకూ తెరకూ మధ్య క్వాంటమ్ డాట్ల పొర ఒకటి అదనంగా ఉంటుంది. నీలి కాంతిలో కొంత భాగాన్ని అది స్వచ్ఛమైన ఎరుపుగా, పచ్చగా మారుస్తుంది. నీలి ఎల్‌ఈడీకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది, క్వాంటమ్ డాట్లకు 2023లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. రెండూ గొప్ప ఆవిష్కరణలే. రంగులకు చేసే మేలు కూడా నిజమే. కానీ నలుపుకి ఈ పొర చేసేదేమీ లేదు. కేవలం ఆ పేరు చూసి ఇరవై వేలు ఎక్కువ పెట్టడం నాకు సమ్మతం కాదు.

ఎల్‌సీడీలో నలుపును నిజంగా మెరుగుపరిచింది లోకల్ డిమ్మింగ్. వెనక దీపాలన్నింటినీ ఒకేలా వెలిగించకుండా భాగాలుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్నచోట వాటిని తగ్గించడం, ఆర్పేయడం. ఆ దీపాల్ని బాగా చిన్నవి చేసి వేలల్లో పేర్చితే మినీ ఎల్‌ఈడీ. 2019లో టీసీఎల్ ఇలాంటి టీవీని మొదట మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీలకూ ఉంది. ఇక్కడ అడగాల్సింది డిమ్మింగ్ జోన్లు ఎన్ని అని. కొన్ని టీవీల్లో వందల్లో, ఖరీదైనవాటిలో వేలల్లో ఉంటాయి. 4కె తెరలో పిక్సెళ్లు 83 లక్షల దాకా ఉంటాయి కాబట్టి, వెయ్యి జోన్లున్న టీవీలో కూడా ఒక్కో జోను ఎనిమిది వేల పిక్సెళ్లకు పైగా వెలుగునివ్వాలి. నల్లటి ఆకాశంలో చందమామ చుట్టూ, చీకట్లో తెల్లటి సబ్‌టైటిళ్ల చుట్టూ కనిపించే పల్చటి వెలుగు వలయం అక్కడి నుంచే వస్తుంది.

ఓఎల్‌ఈడీలో వెనక దీపమంటూ లేదు. ప్రతి పిక్సెలూ తనకు తానే వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు ఆరిపోతుంది. ఆరిన చోట ఉన్నది నిజమైన సున్నా. సేంద్రియ పదార్థం పల్చటి పొరల్లోంచి ఇలా సమర్థంగా కాంతి తెప్పించవచ్చని ఈస్ట్‌మన్ కోడక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో చూపించారు. దాన్ని టీవీగా తెచ్చింది సోనీ, 2007లో. ఆ తెర 11 అంగుళాలే. 55 అంగుళాలతో ఎల్‌జీ వచ్చేసరికి 2013 అయింది. ఇప్పుడు టీవీల సైజు ఓఎల్‌ఈడీ ప్యానెళ్లలో రెండు వంశాలున్నాయి. ఒకటి ఎల్‌జీ డిస్‌ప్లేది, తెల్లటి కాంతికి రంగు ఫిల్టర్లు పెట్టే పద్ధతి. రెండోది 2022లో వచ్చిన శాంసంగ్ డిస్‌ప్లేది, నీలి ఓఎల్‌ఈడీ కాంతిని క్వాంటమ్ డాట్లతో మార్చే క్యూడీ ఓఎల్‌ఈడీ. సోనీ పేరున్నా, పానసోనిక్ పేరున్నా ప్యానెల్ వచ్చేది కొరియా మూలాలున్న ఈ రెండు చోట్ల నుంచే. కాబట్టి ఓఎల్‌ఈడీల్లో బ్రాండ్ల మధ్య తేడా గాజులో తక్కువ, దాన్ని నడిపే ప్రాసెసర్‌లో ఎక్కువ.

హాల్లో వెలుతురు

ఇంతదాకా చదివి ఓఎల్‌ఈడీయే కొనేద్దామనుకుంటే, ఒక్క లెక్క చూశాక నిర్ణయించుకోండి.

మన హాళ్లు వెలుతురు కోసం కట్టుకున్నవి. ఎదురెదురు కిటికీలు, బాల్కనీ తలుపు, రాత్రయితే ఫాల్స్ సీలింగ్ నిండా దీపాలు. పగటిపూట అలాంటి హాల్లో తెర మీద 200 లక్స్ వెలుతురు పడుతోందనుకుందాం. తెర అందులో రెండు శాతమే తిప్పికొట్టినా, ఆ ప్రతిఫలనం విలువ సుమారు 1.3 నిట్లు. చీకటి గదిలో పనికిరాదనుకున్న ఐపీఎస్ నలుపు అర నిట్టే కదా! అంటే ఆ వెలుతురులో ఓఎల్‌ఈడీ సున్నా కూడా సున్నాగా మిగలదు. ప్యానెల్ ఏదైనా మన కంటికి చేరే నలుపు ఒకటింబావు నిట్ దాటుతుంది. క్యూడీ ఓఎల్‌ఈడీలో ఇంకో చిక్కు. ఎదురు వెలుతురును మింగే పోలరైజర్ పొర అందులో లేదు కాబట్టి, వెలుతురున్న గదిలో దాని నలుపు కాస్త ఊదా కలిసిన బూడిదగా కనిపిస్తుంది.

పగటిపూట కావాల్సింది వెలుతురుతో పోటీ పడే కాంతి. అందులో మినీ ఎల్‌ఈడీదే పైచేయి. ఓఎల్‌ఈడీ చిన్న మెరుపును వెయ్యి నిట్లకు పైగా చూపించగలదు గానీ, తెర మొత్తం తెల్లగా వెలగాలంటే వేడి, కరెంటు పరిమితుల వల్ల కాంతిని బాగా తగ్గించుకుంటుంది. పగలు జరిగే క్రికెట్ మ్యాచ్‌లో తెర నిండా ఎండ, పచ్చిక. అక్కడ మినీ ఎల్‌ఈడీ కళకళలాడుతుంది.

దీనికి తోడు వార్తల చానెళ్లు. మన తెలుగు వార్తల చానెల్ తెరను ఓసారి గమనించండి. మూలన లోగో, పక్కన గడియారం, కింద ఎర్రటి పట్టీ, దాని కింద ఇంకో స్క్రోలింగ్. పొద్దున కాఫీతో మొదలైన చానెల్ రాత్రి భోజనాల దాకా నడిచే ఇళ్లు ఎన్నో. ఓఎల్‌ఈడీలోని సేంద్రియ పదార్థం వాడకంతో అరుగుతుంది. ఒకే చోట ఒకే లోగో నెలల తరబడి వెలిగితే ఆ పిక్సెళ్లు మిగతావాటి కన్నా ముందు ముసలివవుతాయి. అప్పుడు చానెల్ మార్చినా లోగో నీడ తెర మీద ఉండిపోతుంది. దీన్నే బర్న్ ఇన్ అంటారు. కొత్త టీవీల్లో లోగో కాంతిని తగ్గించడం, బొమ్మను అటూ ఇటూ కొద్దిగా జరపడం వంటి రక్షణలున్నాయి. ముఖ్యమైన రక్షణ ఇంకొకటుంది: రిమోట్‌తో ఆపిన తర్వాత స్టాండ్‌బైలో ఉండగా టీవీ తన పిక్సెళ్లను తానే సరిచూసుకుంటుంది. మన ఇళ్లలో రిమోట్ నొక్కగానే గోడ మీది స్విచ్ కూడా ఆపేయడం పెద్దవాళ్ల అలవాటు. ఆ అలవాటు ఓఎల్‌ఈడీకి నష్టం చేస్తుంది. ఉరుములు మెరుపులప్పుడు ఆపడం మంచిదే, రోజూ మాత్రం కాదు.

అమ్మానాన్నలు రోజంతా వార్తలో భక్తి చానెలో పెట్టుకునే హాలుకు ఓఎల్‌ఈడీ వద్దనే చెబుతాను. రాత్రి తొమ్మిది తర్వాత దీపాలార్పి సినిమానో సిరీసో చూసే అలవాటున్నవాళ్లు, కర్టెన్లు మూయగలిగే గది ఉన్నవాళ్లు దాన్ని తీసుకోకపోతే మాత్రం చాలా పోగొట్టుకుంటారు.

ఎంత పెద్దది?

సైజులో మన వాళ్లు చేసే పొరపాటు సాధారణంగా చిన్నది కొనడం. తెర వెడల్పు మన చూపులో 30 డిగ్రీల కోణం ఆక్రమిస్తే సౌకర్యం, 40 డిగ్రీలైతే థియేటర్ అనుభూతి అని సినిమా రంగంలో ఓ కొలత. ఆ లెక్కన 55 అంగుళాల టీవీని ఐదున్నర నుంచి ఏడున్నర అడుగుల దూరంలో చూడాలి. 65ను ఆరున్నర నుంచి తొమ్మిది, 75ను ఏడున్నర నుంచి పది. మామూలు అపార్ట్‌మెంట్ హాల్లో సోఫాకూ గోడకూ మధ్య తొమ్మిది పది అడుగులుంటాయి. అంటే అక్కడ 65 కనీసం, 75 సబబు. 55 నుంచి 65కు వెళ్తే పది అంగుళాలే పెరిగినట్టుంటుంది గానీ, విస్తీర్ణం 40 శాతం పెరుగుతుంది.

సినిమా ప్రియులకు ఇంకో లెక్క. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగు తెర సినిమాస్కోప్ అయింది. అప్పటి నుంచి మన పెద్ద సినిమాలు ఎక్కువగా ఆ వెడల్పాటి కొలతలోనే. టీవీ తెరలో అలాంటి సినిమా నాలుగింట మూడొంతులే పడుతుంది. 75 అంగుళాల టీవీలో స్కోప్ సినిమా ఎత్తు సుమారు 27 అంగుళాలు. 55 అంగుళాల టీవీలో వార్తల ఎత్తూ అంతే! మిగిలినదంతా పైనా కిందా నల్లటి పట్టీలు. నాసి ప్యానెల్‌లో ఆ పట్టీలే మసక వెలుగుతో కళ్లకు అడ్డొస్తాయి.

పెద్ద తెర దాచిపెట్టనిది ఇంకోటుంది: బొమ్మలోని పేదరికం. కేబుల్లో, డీటీహెచ్‌లో ఎస్‌డీ చానెల్ పంపే బొమ్మలో నాలుగు లక్షల పైచిలుకు పిక్సెళ్లే. వాటిని 83 లక్షల పిక్సెళ్లకు సాగదీయాలంటే టీవీ ప్రతి ఇరవైలో పందొమ్మిది పిక్సెళ్లను ఊహించి నింపాలి. ఆ ఊహ ఎంత బాగుంటుందన్నది ప్రాసెసర్ మీద ఆధారపడుతుంది. తక్కువ ధర పెద్ద టీవీల్లో కంపెనీలు ముందుగా కోత పెట్టేది అక్కడే. హెచ్‌డీ చానెళ్లు తీసుకోని ఇంట్లో 75 అంగుళాల టీవీ పెడితే సీరియల్లో మొహాలు మైనపు బొమ్మల్లా ఉంటాయి. 8కె గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: ఆ స్థాయిలో చూడటానికి తెలుగులో పెద్దగా ఏమీ లేదు.

గాజు పలక చెప్పే ధర

75 అంగుళాల మినీ ఎల్‌ఈడీ లక్షన్నరకు వస్తుంటే, దానికన్నా రెండే అంగుళాలు పెద్దదైన 77 ఓఎల్‌ఈడీ మూడు లక్షల దగ్గర ఎందుకు మొదలవుతుంది? నలుపు ఖరీదే ఇదంతా అనుకుంటే పొరపాటు. జవాబు ఫ్యాక్టరీలోని గాజు పలకలో ఉంది.

ప్యానెళ్లను ఒక్కొక్కటిగా చేయరు. పెద్ద గాజు పలక మీద ఒకేసారి చేసి కోస్తారు. టీవీ ఓఎల్‌ఈడీలు తయారయ్యే పలక కొలత 2200 మిల్లీమీటర్లు, 2500 మిల్లీమీటర్లు. అందులో 55 అంగుళాలవి ఆరు చక్కగా ఇమిడిపోతాయి. 65వి మూడు. 77వి రెండే, మిగిలిన ముక్కలో చిన్న సైజులేవో కోసుకోవాలి. ఎల్‌సీడీ కథ వేరు. 2017 చివర్లో చైనాలోని హెఫేలో బీఓఈ కంపెనీ 2940, 3370 మిల్లీమీటర్ల పలకతో ఉత్పత్తి మొదలుపెట్టింది. దానిలో 65 అంగుళాలవి ఎనిమిది, 75వి ఆరు దాదాపు వృథా లేకుండా వస్తాయి. మరికొన్ని అలాంటి ఫ్యాక్టరీలు లేచాక 65, 75 ఎల్‌సీడీల ధరలు దిగొచ్చాయి. ఆ పోటీకి తట్టుకోలేక శాంసంగ్ డిస్‌ప్లే 2022లో ఎల్‌సీడీల తయారీ నుంచే తప్పుకుంది. మన తిరుపతిలో డిక్సన్ ఫ్యాక్టరీ టీవీలు తయారుచేస్తుంది గానీ, వాటిలో ప్రాణమైన ఆ గాజు ఇప్పటికీ బయటి నుంచి రావాల్సిందే.

అందుకే ఓఎల్‌ఈడీలో ధరకు తగ్గ సైజులు 55, 65. మినీ ఎల్‌ఈడీలో 65, 75. కంపెనీ ఏదైనా ఈ అంకెల దగ్గర ఆగినవాళ్లకే రూపాయికి ఎక్కువ తెర దక్కుతుంది.

స్థూలంగా ఇప్పటి ధరలు చూస్తే, డిమ్మింగ్ లేని మామూలు 65 అంగుళాల 4కె టీవీ యాభై వేల నుంచి డెబ్బై వేల మధ్య ఉంది. అదే సైజు మినీ ఎల్‌ఈడీ ఎనభై వేల దగ్గర మొదలై లక్షన్నర దాటుతుంది. 65 ఓఎల్‌ఈడీ లక్షన్నర చుట్టుపక్కల నుంచి మూడు లక్షల దాకా. చేతిలో లక్ష ఉంటే 75 అంగుళాల మామూలు టీవీ ఆశపెడుతుంది. దాని జోలికి పోకుండా 65 మినీ ఎల్‌ఈడీ తీసుకోండి. లక్షన్నర ఉంటేనే అసలు ఎంపిక: వెలుతురున్న హాలుకు 75 మినీ ఎల్‌ఈడీ, రాత్రి సినిమాలకు 65 ఓఎల్‌ఈడీ. ఇందులో పదిహేను ఇరవై వేలు సౌండ్‌బార్‌కు తీసిపెట్టుకోవాలి. పల్చటి టీవీలో స్పీకర్లకు చోటుండదు, మాటలు తేలిపోతాయి.

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పాత పన్నుతో కలిపి లక్షన్నర ఉన్న టీవీ మీద సుమారు 11,700 రూపాయలు తగ్గాలి. పాత ధర పలక మీద గీత కొట్టి ‘భారీ తగ్గింపు’ అని చూపించేటప్పుడు ఇందులో పన్ను వాటా ఎంతో, దుకాణం వాటా ఎంతో విడదీసి చూసుకోండి. కొత్త మోడళ్లు జనవరిలో లాస్‌వెగాస్‌లో ప్రకటించి, మన దగ్గరికి వేసవి ప్రాంతంలో తెస్తారు. నిరుటి మోడల్ దొరికితే తీసుకోవడమే తెలివి. ప్యానెళ్లలో ఏడాదికేడాదికి వచ్చే మార్పు ప్రకటనల్లో కనిపించినంత ఉండదు.

కొనేరోజు, తెచ్చినరోజు

షోరూముకు వెళ్లేటప్పుడు సొంత పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. ఓ పాత నలుపు తెలుపు సినిమా ముక్క, రాత్రి దృశ్యాలున్న కొత్త సినిమా ముక్క, ఓ క్రికెట్ ముక్క చాలు. పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కో ‘ఫిల్మ్‌మేకర్‌’కో మార్పించండి. షోరూము వాళ్లు అన్ని టీవీలనూ వివిడ్‌లోనే ఉంచుతారు, ఆ పెద్ద వెలుగుల్లో అదే కంటికి ఆనుతుంది కాబట్టి. సినిమా మోడ్‌లో మొదట పసుపుగా, డల్లుగా అనిపిస్తుంది. ఐదు నిమిషాలు ఓపిక పడితే మనుషుల చర్మం చర్మంలా కనిపించడం మొదలవుతుంది.

ఇంకో సెట్టింగ్ గురించి గట్టిగా చెప్పాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ మధ్యలో తన సొంత ఫ్రేములు కల్పించి నునుపు చేస్తుంది. కోట్లు పెట్టి తీసిన సినిమా సీరియల్లా కనిపించడానికి కారణం అదే. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి దీన్ని ఆపేయమని వీడియో చేసి మరీ వేడుకున్నారు. మోషన్ అన్న మాట కనిపించే మెనూలోకి వెళ్లి సినిమాల వరకైనా దాన్ని ఆపండి. 4కెలో చూడాలంటే ఓటీటీల్లో పై ప్లాన్ ఉండాలన్నదీ మరిచిపోవద్దు. చిన్న ప్లాన్‌తో పెద్ద టీవీ కడుపు నిండదు.

75 దాటుతుంటే టేపు పట్టుకుని ముందు లిఫ్టు కొలవండి. 85 అంగుళాల టీవీ వెడల్పే ఆరడుగుల పైన ఉంటుంది, అట్టపెట్టెతో ఇంకా ఎక్కువ, పడుకోబెట్టి మోయకూడదు. ఇంటీరియర్ చేయించినప్పుడు 43కో 50కో కొలత పెట్టి టీవీ యూనిట్‌లో గూడు కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిలో 65 పట్టదు. గూడు కోసం తెరను తగ్గించుకోవడం కన్నా వడ్రంగిని పిలవడం మేలు. గోడకు బిగించేటప్పుడు తెర మధ్యభాగం సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

పెట్టెను తెచ్చినవాళ్ల ఎదుటే విప్పించి, ప్యానెల్ మీద పగులు లేదని టీవీ వెలిగించి చూసుకున్నాకే సంతకం పెట్టండి. వారంటీ అయ్యాక ప్యానెల్ పోతే మార్పించే ఖర్చు కొత్త టీవీ ధరకు దగ్గరగా వెళ్తుంది. ప్యానెల్‌కు వారంటీ ఎన్నేళ్లో, ఓఎల్‌ఈడీ అయితే బర్న్ ఇన్ అందులోకి వస్తుందో రాదో బిల్లుతో పాటు రాతలో తీసుకోండి. మొదటి రాత్రే దీపాలార్పి, మొత్తం నల్లగా ఉన్న బొమ్మ ఒకటి, మొత్తం బూడిద రంగులో ఉన్నది ఒకటి పెట్టి అంచులూ మూలలూ పరిశీలించండి. వెలుగు మచ్చలో, చచ్చిపోయిన పిక్సెళ్లో కనిపిస్తే ఫొటో తీసి మర్నాడే ఫిర్యాదు చేయాలి. వాపసు గడువు కొద్ది రోజులే ఉంటుంది. అది ముగిసేదాకా అట్టపెట్టె, థర్మోకోల్ ఇంట్లోనే ఉంచండి.